నాలుక లేని గంట

మొన్న వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. ఏదో వ్యాసం రాస్తోందట. చాప మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచి, "టీచరమ్మా, పిల్లల కథల్లో మాయకానుకలు ఉంటాయి కదా, ఎగిరే చెప్పులు, తరగని గిన్నె, మనిషిని మాయం చేసే టోపీ... వాటి ప్రతీకార్థం ఏమిటని మీరు అనుకుంటారు?" అని అడిగింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్రతీకార్థమట! నలభై ఏళ్లు పిల్లలకు కథలు చెప్పాను, ఒక్క పిల్ల గాని ఒక్క పిలగాడు గాని నన్ను ఆ మాట అడగలేదు. వాళ్లు అడిగేది ఒకటే: "ఆ ముసలమ్మ ఎక్కడుంటది టీచర్? మాకు గూడ ఇస్తదా?" అదీ ప్రశ్న అంటే! నేను లేచి, గూట్లోంచి ఒక కంచు గంట తీసి ఆమె చేతిలో పెట్టాను. ఊపి చూసింది. చప్పుడు లేదు. బోర్లించి చూసింది. లోపల నాలుక లేదు.

"ఇది మోగదు కదండీ," అంది.

"మోగుతుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మోగింది. ఆ మోతకు జాతరంతా నా కాళ్ల మీద పడింది. ఆ పెన్ను మూసి పక్కన పెట్టు, చెబుతా," అన్నాను. పాపం, పెట్టింది.

ఆ గంట జమ్ములమ్మది. జమ్ములమ్మ మా ఊరి మంత్రసాని. మా ఊరు గద్వాలకు రెండు కోసుల దూరం. జొన్నలు, కందులు, పల్లికాయ పండే ఊరు. ఊరు దాటి, మాదిగవాడ కూడా దాటి, చిట్టచివరి గుడిసెలో ఆమె ఒక్కతే ఉండేది. పొట్టి మనిషి. నడిస్తే మనం పరుగెత్తాలి. తన మాటకు తానే ముందు నవ్వేది, ఆ నవ్వుకు నోట్లోని ఆకూవక్కా ఎదుటివాళ్ల మీద పడేది. చేతులు మాత్రం ఎప్పుడూ కడిగి ఉండేవి. వేళ్లకు గోళ్లు ఉండేవి కావు, వారానికోసారి రాయి మీద రుద్దుకుని అరగదీసుకునేది. ఊళ్లో ముప్పై ఏళ్ల లోపు వాళ్లందరూ మొదట పడింది ఆ చేతుల్లోనే, మా నాయన వెంకటన్నతో సహా. అయితే ఏం? కాన్పు అయ్యేదాకా ఆమె చెప్పిందే వేదం. అయ్యాక ఇల్లంతా పేడనీళ్లతో అలికి, ఆమెను వాకిలి బయట నిలబెట్టి, చాటలో జొన్నలు పోసి పంపేవాళ్లు. ఆమెకొక పేరుంటుందని ఎవరికీ తోచేది కాదు. "మంత్రసానిని పిలువుండ్రి" అనేవాళ్లు, అంతే.

ఇక నా సంగతి. నా పేరు భీమమ్మ. పేరు చూసి దడుచుకోకు, ఆ రోజుల్లో నా గొంతు చీమకు కూడా వినపడేది కాదు. ఇంట్లోనే గుసగుసగా మాట్లాడేదాన్ని, గడప దాటితే అదీ లేదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, వచ్చినవాళ్లందరికీ "మా పిల్లకు నోట్లె నాలికె లేదు" అని చెప్పేది. ఆమె ఉద్దేశం నేను సాధువునని. కానీ మా పక్కింటి గోవిందు ఆ మాట నిజమనుకున్నాడు. ఒకనాడు నన్ను గోడకు నిలబెట్టి, గదమ పట్టుకుని నోరు తెరిపించి చూసి, "ఉన్నదిరో! ఎర్రగ ఉన్నది!" అని వీధంతా చాటుకుంటూ పోయాడు.

అవి జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఊళ్లో సర్కారు బడి లేదు. దశరథం పంతులు తన ఇంటి అరుగు మీద మాకు తెలుగు చెప్పేవాడు. ఆయన దగ్గర అట్టలు ఊడిపోయిన కథల పుస్తకం ఒకటి ఉండేది. ముందు పేజీలూ లేవు, వెనక పేజీలూ లేవు, నడుమ మాత్రం కథలే కథలు. శనివారం మధ్యాహ్నం చదివి వినిపించేవాడు. ప్రతి కథలోనూ ఒక రాజకుమారుడు దారి తప్పేవాడు. ప్రతి కథలోనూ ఊరి బయట గుడిసెలో మంత్రాల ముసలమ్మ ఉండేది. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక కానుక తీసి ఇచ్చేది. అంతే, రాజకుమారుడు సముద్రాలు దాటేవాడు, రాక్షసుల్ని చంపేవాడు, ఆకలన్నది ఎరగకుండా తిరిగేవాడు.

ఒక శనివారం కథ అయిపోయాక బాలస్వామి లేచాడు. వీడు ఆసాముల ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు, తన పల్లీలు తన జేబులోనే దాచుకునే రకం. "పంతులూ, గా మంత్రాల ముసలమ్మ గిప్పుడు యాడ ఉంటది?" అని అడిగాడు.

పంతులుకు ఆకలేస్తోంది. "ఏమోరా, మంత్రాలు తెలిసినోళ్లు మన ఊళ్లో మాత్రం లేరా ఏంది? పోండి, పోండి," అని లోపలికి వెళ్లిపోయాడు.

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఊరి బయట గుడిసె. ముసలమ్మ. ఎవరినీ ముట్టనివ్వని సంచి. ఆ సంచితో ఇంట్లోకి పోతుంది, తలుపేసుకుంటుంది, కాసేపటికి లోపల కొత్త బిడ్డ ఏడుస్తుంది! పైగా పేరులోనే ఉందాయె. మంత్ర - సాని. ఇన్నాళ్లూ కళ్ల ముందే తిరుగుతుంటే పోల్చుకోలేక పోయామే అని గోవిందు నెత్తి కొట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పోయాం. ఇంట్లో తెలిస్తే వీపులు విమానం మోతే, అందుకని జొన్నచేల వెనకనుంచి వంగి వంగి పోయాం. జమ్ములమ్మ గుడిసె ముందు కూర్చుని రాయి మీద గోళ్లు రుద్దుకుంటోంది. మమ్మల్ని చూసి లేవబోయింది.

"ఏంది బిడ్డా, ఎవరికి నొప్పులు?"

"ఎవరికీ లేవు. మాకు కానుకలు గావాలె," అన్నాడు గోవిందు.

"ఏం కానుకలు?"

"గదే, మంత్రం కానుకలు. నువ్వు మంత్రసానివి గద! నాకు మాయం చేసే టోపీ గావాలె. పంతులు రోజూ కొడుతున్నడు."

జమ్ములమ్మ నోట్లోని ఆకు మింగేసింది. ఆ తరువాత నవ్వింది చూడు, గుడిసె చూరు మీది పిచ్చుకలు లేచిపోయాయి. పొట్ట పట్టుకుని, నేల కొట్టి కొట్టి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. మేం మాత్రం కదల్లేదు. కథలో ముసలమ్మ కూడా మొదట నవ్వుతుంది మరి.

చివరికి కళ్లు తుడుచుకుని సంచి దగ్గరికి లాక్కుంది. అందులోంచి ఒక చింకిపేలిక తీసింది. "ఇగో, టోపీ లేదుగాని రుమాలున్నది. తలకు కట్టుకున్నవంటే ఎవ్వరికి కనపడవు. కాని ఒక నేమం. నోరు మెదపొద్దు, కదలొద్దు, పక్కోన్ని గిల్లొద్దు. తప్పినవా, మంత్రం పోయె."

బాలస్వామికి తరగని గిన్నె కావాలి. అంచు విరిగిన ముంత ఒకటి ఇచ్చింది. "ఇది తరగదు. కాని నువ్వొక్కనివే తిన్నవంటే పగులుతది. ముందుగాల ఇంకొకలకు పెట్టి, అటెంక తినాలె."

వాళ్లిద్దరూ కానుకలు పట్టుకుని ఎగురుకుంటూ పోయారు. నేను మిగిలాను. నోరు పెగల్లేదు. జమ్ములమ్మ నా ఎదురుగా గొంతుక్కూర్చుని, "నువ్వు వెంకటన్న పటేలు బిడ్డవు గద. నీకేం గావాలె?" అంది.

నేను ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. మా అమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు ఇద్దరు తమ్ముళ్లు పుట్టీ పుట్టగానే పోయారు. రెండోసారి అమ్మ కూడా పోయిందనే అనుకున్నారు. "ఈసారి మా అమ్మ సావొద్దు. బిడ్డ గూడ సావొద్దు. గా కానుక ఇయ్యి."

ఆమె నవ్వు ఆగిపోయింది. చాలాసేపు నా తల నిమిరింది.

"గది నా సంచిల లేదు బిడ్డా. నీకు అబద్ధం చెప్ప. మీ అమ్మకు బిడ్డలు ఎదురుకాళ్లతోటి వస్తరు. నేను తిప్పగలుగుత. కాని రెండుసార్లు గూడ మీ అవ్వ నన్ను ఆఖరుకు పిలిపిచ్చింది. నేనొస్తే ఇల్లంత మైలాయె, ముదిరినంక పిలుద్దాం అన్నది. నేనొచ్చేసరికి అంత అయిపోయింది."

అప్పుడు సంచి అడుగునుంచి ఈ గంట తీసింది. "ఇది మా ఇంటాయన ఎల్లయ్య ఎద్దుది. ఎద్దు పోయింది, ఎల్లయ్య పోయిండు, దీని నాలికె గూడ పోయింది. నీకు నాలికె లేదంటరు గద ఊర్ల, ఇద్దరు జోడు కుదిరిన్రు! ఇది ఊపితె మోగదు. చేతుల పట్టుకోని, ఎవరు రావాల్నో వాళ్ల పేరు పెట్టి, కడుపుల నుంచి పిలవాలె. అప్పుడు మోగుతది. ఎంత దూరమున్నా వినపడతది. మొదటి నొప్పికే పిలువు."

నేను గంట తీసుకున్నాను. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాను.

"నీ పేరేంది?"

జమ్ములమ్మ నావంక ఎట్లా చూసిందో నాకిప్పటికీ గుర్తుంది. "ముప్పై ఏండ్ల సంది ఈ ఊర్ల ఎవరు అడగలేదు బిడ్డా," అంది. తరువాత, ఎవరైనా వింటారేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, "జమ్ములమ్మ," అని చెప్పింది. మా దిక్కు అమ్మవారి పేరే. జాతర దేవత పేరు.

ఇంక ఆ నెల మా ఊళ్లో జరిగిన తమాషా అంతా ఇంతా కాదు. గోవిందు చింకిపేలిక తలకు చుట్టుకుని బళ్లో రాయిలా కూర్చున్నాడు. గిల్లలేదు, నవ్వలేదు, తుమ్ము వస్తే మింగేశాడు. ఆ రోజు పంతులు బెత్తం వాడి మీద పడలేదు. మరునాడూ పడలేదు. మూడోనాడు పంతులు వాడి వైపే చూసి, "గోవిందు రాలేదా ఏంది, ఇంత నిమ్మళంగ ఉంది!" అన్నాడు. ఆ మాటతో వాడికి ఇక అనుమానం లేకుండా పోయింది. నేరుగా శెట్టి దుకాణానికి పోయి, శెట్టి ఎదురుగానే బెల్లం గడ్డ తీసి నోట్లో పెట్టుకున్నాడు. చెవి పట్టుకుని లాక్కొచ్చి వాళ్ల నాయనకు అప్పగించారు. వీపు బూరెలా వాచాక వాడు జమ్ములమ్మ దగ్గరికి పోయి, "నోరు మెదపలే, కాలు కదపలే!" అని కొట్లాటకు దిగాడు. "చెయ్యి కదిలె గద బిడ్డా!" అందామె.

బాలస్వామి ముంతను గడ్డివాములో దాచాడు, ఎవరి గుడిసెదో తెలిస్తే పగలగొడతారని. పొద్దున పల్లీలు పోసుకుని, ఏడుపు మొహంతో తలా పిడికెడు పెట్టి, మిగిలినవి తిన్నాడు. మరునాడు ఒకడు రేగుపండ్లు తెచ్చి అందులో పోశాడు. ఇంకొకడు చింతకాయ, ఇంకొకడు కాల్చిన జొన్న ఊచ. వారం తిరిగేసరికి ముంత పొర్లిపోతోంది. "నిజంగనే తరుగుతలేదురో!" అని వాడు గంతులు వేస్తుంటే మేమంతా చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టాం.

నా గంట మాత్రం జొన్నల గుమ్మి వెనక పడి ఉంది. రోజూ తీసి పట్టుకునేదాన్ని. నోరు తెరిచేదాన్ని. గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. ఏడుపొచ్చేది. మళ్లీ దాచేసేదాన్ని.

మాఘమాసంలో మంగళవారం జమ్ములమ్మ జాతర. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పోయింది. మా నాయన కూడా పోయాడు, ఈసారి బిడ్డ దక్కాలని మొక్కుకోవడానికి. కాన్పుకు ఇంకా నెల ఉందని అందరి లెక్క. ఇంట్లో అమ్మ, మోకాళ్ల నొప్పుల అవ్వ, నేను. పొద్దు నడినెత్తికి రాకముందే అమ్మ కడవ దించబోయి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

"దొంగ నొప్పులు. ఇంక నెలున్నది గద. మాపటిదాంక చూద్దాం," అంది అవ్వ.

అమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు చిట్లింది. అమ్మ కళ్లలోకి చూస్తే నాకు ఆమె పోయినసారి పడుకున్న మంచం కనిపించింది. నేను గుమ్మి వెనకనుంచి గంట లాక్కుని పరుగు తీశాను. మంత్రసాని గుడిసెకు తడిక కట్టి ఉంది. ఆమె కూడా జాతరకే పోయింది. పోదా మరి, తన పేరు అమ్మవారి జాతర! జాతర కోసెడు దూరం. కాళ్లకు చెప్పుల్లేవు. పల్లేరుకాయలు గుచ్చుకున్నాయి, ఆగి పీక్కోలేదు.

జాతర చేరాను. వేలమంది జనం. డప్పులు, మేకలు, బోనాలు, గాజుల అంగళ్లు, బొరుగుల అంగళ్లు. గాజులాయన దగ్గరికి పోయి, "మంత్రసాని యాడుంది?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏంది? గాజులా? పచ్చవా ఎర్రవా?" అని, నేను చెయ్యి లాక్కునేలోపు మూడు పచ్చగాజులు ఎక్కించేశాడు. బొరుగుల అవ్వ దగ్గరికి పోయి అడిగాను. "ఆకలైతుందా నా తల్లీ?" అని ఒళ్లో బొరుగులు పోసింది. అందరూ మంచివాళ్లే, ఒక్కరికీ నా మాట వినపడదు. మూడు గాజులు, ఒడినిండా బొరుగులు, ఇంటి దగ్గర అమ్మ చచ్చిపోతోంది! నాకు ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగి అంత కోపం ఎన్నడూ రాలేదు. జనం మీద కాదు, నా గొంతు మీద. విప్పి ఉంచిన ఒక బండి మీదికి ఎక్కాను. బొరుగులు దులిపేశాను. గంట రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. పేరు పెట్టి, కడుపులోంచి.

"జమ్ములమ్మాఆఆ!"

అమ్మో! ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలియదు. బండి కింద పడుకున్న ఎద్దు లేచి నిలబడింది. డప్పులు ఆగిపోయాయి. మరుక్షణం వేయి గొంతులు, "జమ్ములమ్మ తల్లీ!" అని మారుమోగాయి.

"అమ్మవారొచ్చింది! పిల్ల మీదికి అమ్మవారొచ్చింది!" అన్నాడు ఒక ముసలాయన, దబ్బున సాగిలపడి.

అయిపోయింది నా పని. ఎవరో కాళ్ల మీద నీళ్లు పోశారు. ఎవరో మొహానికి ఇంత పసుపు పూశారు. చేతిలోకి వేపమండ వచ్చింది. డప్పులు రెట్టింపయ్యాయి.

"జమ్ములమ్మా, రావే! మా అమ్మకు నొప్పులొస్తున్నయ్!" అని అరిచాను.

"ఏమంటుంది, ఏమంటుంది?" అని వెనకవాళ్లు అడిగారు. ముసలాయన లేచి అర్థం చెప్పాడు. "అమ్మకు నొప్పులంట! అమ్మంటె భూమితల్లి! ఈ యేడు పంట దండిగ వస్తది!" జనం ఈలలు వేశారు. అర్థాలు చెప్పేవాళ్ల మీద నాకు ఆనాటి నుంచే కోపం, అమ్మాయీ. రాసుకో, ఇది మాత్రం రాసుకో.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒకాయన ముందుకు వచ్చాడు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించి, "తల్లీ, నా ఇంట్ల ఈసారన్న తొట్టెల ఊగుతదా?" అన్నాడు. కంటివెంట నీళ్లు కారుతున్నాయి. ఎవరనుకున్నావు? మా నాయన! నన్ను కన్న నాయన, నాకే దండం పెడుతున్నాడు!

"ఊగుతది నాయినా! ముందు బండి గట్టు!" అన్నాను.

నాయన కళ్లు తెరిచాడు. పసుపు కింద మొహం పోల్చుకున్నాడు. "భీమీ?" అన్నాడు.

జనమంతటికీ అమ్మవారిని పిలిచినట్టు వినపడింది. ఒక్క మనిషికి మాత్రం తనను పిలిచినట్టు వినపడింది. జాతర అంచున, మాదిగవాళ్లు నిలబడే చోటునుంచి, చంకలో మొక్కుబడి కోడితో, "వచ్చిన బిడ్డా! వచ్చిన! జర తొవ్వియ్యుండ్రి, నన్నే పిలుస్తున్నది!" అని అరుస్తూ జమ్ములమ్మ వస్తోంది.

"నిన్ను పిలుస్తుందా? జరుగు పక్కకు!" అన్నాడెవడో.

నేను వేపమండ చూపించాను. "తొవ్వియ్యుండ్రి!" అన్నాను. అమ్మవారి ఆజ్ఞాయె, జనం రెండుగా చీలిపోయారు. ఆ దారిలో నడుస్తూ జమ్ములమ్మ అటూ ఇటూ చూసి నవ్వాపుకోలేక చస్తోంది. చంకలో కోడి కూస్తోంది.

నాయన ఎద్దుల్ని కట్టాడు. జమ్ములమ్మ అలవాటు కొద్దీ బండి వెనక నడవడానికి నిలబడింది. "ఎక్కు!" అన్నాను. ఆమె నాయన మొహం చూసింది. నాయన చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. నేను గంటతో బండి పట్టె మీద ఠంగున కొట్టాను. "ఎక్కించుకో నాయినా, అమ్మ సస్తది!"

"ఎక్కు, ఎక్కు," అన్నాడు నాయన. కోడితో సహా ఎక్కింది. ఎద్దులు ఉరికాయి. వెనక్కి తిరిగి చూస్తే డప్పులవాళ్లు కూడా ఉరుకుతున్నారు, అమ్మవారు ఏ ఇంటికో పోతోందని వాళ్లూ, వాళ్ల వెనక సగం జాతరా! జమ్ములమ్మ బండి పట్టె పట్టుకుని ఎగిరెగిరి పడుతూ, "నాలికె లేని గంట బిడ్డా, ఎంత పని చేసిందే!" అని నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను. ఏడుస్తున్నాను కూడా.

మా వాకిట్లో అవ్వ నోరు తెరిచి నిలబడింది. డప్పులు, పసుపు మొహంతో నేను, బండి దిగుతున్న మంత్రసాని, కోడి. అవ్వ కూడా నాకే దండం పెట్టింది. "అవ్వా, తలుపు తియ్యి," అన్నాను. తీసింది. జమ్ములమ్మ కోడిని నా ఒళ్లో పడేసి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

గడప ముందు కూర్చున్నాను. మొహం మీద పసుపు ఎండి దురద పెడుతోంది. లోపల అమ్మ అరుపులు. అంతవరకూ ఉన్న సంబరమంతా పోయి నాకు భయం పట్టుకుంది. లోపలినుంచి జమ్ములమ్మ గొంతు వినిపించింది: "డప్పులాపకుండ్రి, పిల్ల బయట కూసున్నది, తల్లి అరుపులు వినపడొద్దు!" డప్పులు ఇంకా జోరందుకున్నాయి. నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పొద్దు వాకిలి దాటి గోడ ఎక్కింది. అప్పుడు లోపల బిడ్డ ఏడ్చింది. నాలాగా కాదు, ఊరు లేచిపోయేటట్టు ఏడ్చింది. డప్పులు ఠక్కున ఆగాయి.

"ఆడిపిల్ల!" అంది జమ్ములమ్మ తలుపు సందులోంచి. "తల్లి బాగున్నది. కాళ్లే ముందొచ్చినయ్, తిప్పిన!"

నాయన గడప మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇరవై ఒకటో రోజున తొట్టెల. ఇల్లంతా చుట్టాలు. జమ్ములమ్మకు చీర పెట్టడానికి పిలిపించారు. ఎప్పటిలాగే వాకిలి బయట, కొట్టం పక్కన కూర్చుంది. పేరు గురించి ఇంట్లో చర్చే లేదు. అమ్మవారు నడిచి వచ్చిన ఇల్లాయె, ఆ పేరు కాక ఇంకేం పెడతారు? అవ్వ నన్ను తొట్టెల దగ్గరికి తోసింది. "అమ్మవారు నీ నోట్లెనే గద పలికింది. నువ్వే పిలువే. ఇప్పుడు నాలికొచ్చింది గద!"

చెల్లెలి మొహం మీదికి వంగి, ఊరుకున్నానా, కడుపులోంచి పిలిచాను.

"జమ్ములమ్మా!"

"ఓ బిడ్డా!" అని వాకిలి బయటినుంచి బదులు వచ్చింది.

ఇల్లంతా తిరిగి చూసింది. జమ్ములమ్మ లేచి నిలబడి, నాలుక కరుచుకుంది. పిలుపు తనకు కాదని అప్పుడు తెలిసింది పాపం. అవ్వ గడప దాకా వచ్చింది. నాయన ఆమె వెనకే.

"నీ పేరు గూడ గదేనానే?" అంది అవ్వ.

"అవునమ్మా. మా అమ్మ పెట్టింది."

"ఆరోజు నేను పిలిచింది గామెనే అవ్వా. అమ్మవారిని గాదు," అన్నాను నేను. గట్టిగానే అన్నాను. చుట్టాలందరికీ వినపడింది.

అవ్వ ఆమె చేతుల వంక చూసింది. మా నాయనను ఈ భూమ్మీదికి తెచ్చిన చేతులు అవి. ముప్పై ఏళ్లు పేరడగలేదు. అవ్వ మొహంలో సిగ్గు నేను చూశాను, ఆ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. పేరు మారుస్తారేమోనని తొట్టెల తాడు గట్టిగా పట్టుకున్నాను. నాయన తొట్టెల దగ్గరికి వచ్చి, చెల్లెలి చెవిలో తానే చెప్పాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. జమ్ములమ్మ, జమ్ములమ్మ, జమ్ములమ్మ. బయట ముసలామె కొత్తచీర మొహానికి అడ్డం పెట్టుకుంది.

"గాడ ఎండల ఎందుకు నిలబడ్డవ్," అంది అవ్వ. "జర అరుగు మీదికి రా, జమ్ములమ్మా."

అరుగు వరకే వచ్చింది. ఆ రోజుకు అంతే. నేను అబద్ధం చెప్పను, ఇంట్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కానీ ఆనాటి నుంచి మా వాకిట్లో నిలబడి జమ్ములమ్మా అని పిలిస్తే ఇద్దరు పలికేవారు.